దొరల ఊరి హద్దురాళ్ళు

దొరల ఊరి హద్దురాళ్ళు ఎక్కడెక్కడ పాతారో ఈ రోజున తెలిసిన మనిషిని నేనొక్కడినే మిగిలాను. ప్రతి రాయి దగ్గరా నన్ను కొట్టారు కాబట్టి తెలుసు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. నవ్వేవాళ్ళలో సగం మందికి బ్రూక్‌ఫీల్డ్‌లో ఉన్న ఆఫీసు నుంచి ఇంటికి దారి ఫోను చెప్పాలి.

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా రొట్టెలు చుట్టి ఇచ్చిన ఇంగ్లీషు పేపర్లలోనూ, గ్రంథాలయంలో ఫ్యాను కింద చోటు దొరికిన మధ్యాహ్నాల్లోనూ. అందుకని చదువుకున్నవాళ్ళు నా మాట నమ్మరు. ఆ దొరల ఊరి చరిత్ర అని ఇప్పుడు వాళ్ళు పంచుకునేదంతా గులాబీ తోటలూ, ఎర్రపెంకుల ఇళ్ళూ, క్రిస్మస్ కేకులూ. ఆ కేకుల ఊరిని ఎవరు పాలించారో, ఎట్లా పాలించారో నేను చెబుతాను.

కన్నడ సీమలో తెలుగు మాట్లాడే ఊరు మాది. మా రాగి చేలు దాటితే ఆ ఊరు. దొరలని మేము అనేవాళ్ళం గానీ నిజానికి వాళ్ళు సగం దొరలు. తండ్రులు ఇంగ్లీషు సిపాయిలు, రైలు డ్రైవర్లు; తల్లులు ఈ నేల ఆడవాళ్ళు. తండ్రి వైపువాళ్ళు వీళ్ళను బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు, తల్లి వైపువాళ్ళు పంక్తిలో కూర్చోనివ్వలేదు. పాతకాలపు రాజు ఒకాయన దయతలిచి భూమి ఇస్తే అక్కడ ఒక ఇంగ్లీషు పల్లె కట్టుకున్నారు. కట్టినవాళ్ళలో ఇంగ్లండు చూసినవాడు ఒక్కడూ లేడని మా నాయన చెప్పేవాడు. నడుమ గుండ్రంగా పచ్చిక మైదానం, దాని చుట్టూ ఇళ్ళు, ఒక చర్చి, ఒక మీటింగు హాలు. తమను గడప తొక్కనివ్వని ఇంటి బొమ్మ గీసుకుని, ఆ బొమ్మలో కాపురం పెట్టారు.

ఆ ఊరికి పటేలు లేడు, లెక్కలు రాసే శానుభోగు లేడు. కమిటీ ఉండేది. సొంత ఇల్లున్న మగవాడికే ఓటు. అద్దెకున్నవాడికి లేదు, ఆడదానికి లేదు. ఇళ్ళ వెనక కొట్టాల్లో పడుకునే వంటమనిషికీ తోటమాలికీ లేదని వేరే చెప్పక్కర్లేదు. మా నాయన ఆ కమిటీకి తోటమాలి. నెలకోసారి వాళ్ళు హాల్లో కూర్చుంటే ఈయన తలుపు దగ్గర నిలబడాలి. చర్చి గంట టీకి ముందు కొట్టాలా, తర్వాత కొట్టాలా అని ఒక సాయంత్రమంతా వాదించుకున్నారట. వాళ్ళ బావి నుంచి మా ఊరికి నీళ్ళు ఇవ్వకూడదన్న తీర్మానం మాత్రం టీ చల్లారేలోపే అయిపోయిందట.

వాళ్ళకో బందెలదొడ్డి కూడా ఉండేది. మా ఊరి ఆవు తాడు తెంచుకుని వాళ్ళ పచ్చికలో అడుగు పెడితే తోలుకుపోయి అందులో పెట్టేవాళ్ళు. జరిమానా కట్టేదాకా మేత వేయరు, పాలు పితకనివ్వరు. మర్నాటికి పొదుగు రాయిలా గట్టిపడి, ఆవు అరుపు మా ఇళ్ళదాకా వినిపించేది. దొరసానులకు ఆ అరుపు వినడం కష్టంగా ఉండేది. పాపం, కిటికీలు మూసుకునేవాళ్ళు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్ళయింది గానీ ఆ వార్త ఇంకా ఆ కమిటీదాకా చేరలేదు. నన్ను కొట్టింది ఆ రోజుల్లోనే.

ఏటా ఎండాకాలం చివర, వాళ్ళ ఈస్టరు పండగ వెళ్ళిన కొన్ని వారాలకు, కమిటీ వాళ్ళు తమ ఊరి హద్దు చుట్టూ నడిచేవాళ్ళు. ముందు పాదిరి, వెనక కమిటీ పెద్దలు, ఆ వెనక ఒక పిల్లవాడు. రాయి వచ్చినప్పుడల్లా పాదిరి ఏదో చదువుతాడు. తర్వాత పిల్లవాణ్ణి కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి, నెత్తి రాతికి తాకేటట్టు కొట్టించి, నిలబెట్టి బరికెతో వీపు మీద వాయిస్తారు. పటం చిరుగుతుంది, రాయిని దొంగ జరుపుతాడు, పెద్దవాళ్ళు చస్తారు. దెబ్బ తిన్న పిల్లవాడు మాత్రం ముసలివాడై చచ్చేదాకా ఆ చోటు మరిచిపోడని వాళ్ళ శాస్త్రం. ఇది వీళ్ళ కల్పన అనుకునేవాణ్ణి. తర్వాత ఎప్పుడో గ్రంథాలయంలో చదివితే, ఇంగ్లండు పల్లెల్లో వందల ఏళ్ళు ఇదే ఆచారమట. కాకపోతే అక్కడ వాళ్ళు తమ పిల్లల్నే కొట్టుకున్నారు. మేమేమీ తక్కువ వాళ్ళం కాదు. జాతరలో దున్నపోతును నరికి, ఆ నెత్తురన్నం పొలి అని అరుస్తూ పొలిమేర చుట్టూ చల్లేవాళ్ళం. ఆ దున్నపోతు సాక్ష్యం చెప్పడానికి మిగలదు, అంతే తేడా.

ఇక్కడి దొరసానులు తమ బిడ్డల నెత్తులు రాతికి కొట్టడానికి ఒప్పుకోలేదు. అందుకని తోటమాలి కొడుకును తెచ్చుకున్నారు. ఏడేళ్ళప్పుడు మొదలుపెట్టి, మరిచిపోతానేమోనని ఐదు ఎండాకాలాలు నన్నే కొట్టారు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తే పని మా నాయనది. ఆయన చేతులు వణకలేదు. ఉద్యోగం ఉన్న చేతులు వణకవు. బరికె మాత్రం కమిటీ ప్రెసిడెంటు చేతిలో ఉండేది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఎర్రమొహం మనిషి. ప్రతి రాయి దగ్గరా కొట్టడం అయ్యాక వంగి, నా కళ్ళలోకి చూసి, ఇంగ్లీషులో అడిగేవాడు, గుర్తుంటుందా అని. యెస్ సార్ అనాలి. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు అదే. చివరి రాయి దగ్గర ఒక బన్ను ఇచ్చేవాడు.

ఇంటికి వస్తే మా అక్క వీపుకు ఆముదం రాసేది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. రాస్తూ రాస్తూ బన్నులో సగం తినేసేది.

"ఈ తూరి జాము రాయలేదేమిరా" అనేది. "ఇంకొంచెం గట్టిగా ఏడ్చింటే రాసిందురు."

మా అక్క నోరు అట్లాంటిది. ఎవరి మీదైనా జాలిపడడం దానికి చేతకాదు. తన మీద కూడా పడదు.

చివరి రాయికి ఇవతల, మా ఊరి వైపు, ఒక పల్లపు చెలక ఉండేది. మాలో చచ్చినవాళ్ళను కాల్చం, పూడుస్తాం. మా వీధి వాళ్ళనంతా ఆ చెలకలోనే పూడ్చాం. అక్కకు పుట్టి నెల తిరక్కుండా పోయిన బిడ్డ అక్కడే ఉంది. ఆమె భర్త, మా బావ, దొడ్డబళ్ళాపురంలో పట్టు మగ్గం నేసేవాడు. మగ్గం అమ్ముకుని మా ఊరు చేరి, ఇక్కడే పోయాడు. ఆయన్ను కూడా ఆ బిడ్డ దగ్గరే పెట్టాం. గుంత తవ్వేవాళ్ళ పక్కన అక్క స్వయంగా నిలబడి, ఎడమ వైపు ఇంకొక మనిషి పట్టేంత చోటు వదలమని చెప్పింది. ఆ చోటు తనది. అప్పటినుంచి మా ఇంట్లోనే ఉంది. నగ అడగలేదు, చీర అడగలేదు. ఆ చోట పెట్టండి, కాల్చవద్దు అన్నది ఒక్కటే అడుగుతూ వచ్చింది.

దొరల పిల్లలు ఆస్ట్రేలియాకో ఎక్కడికో పోయారు. మిగిలిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే ఇల్లు అమ్మారు. కమిటీ హాలు ఫర్నిచర్ దుకాణం అయింది. మా వైపున్న సగం ఊరిని ఒక బిల్డరు కొని, కూలగొట్టి, మళ్ళీ అచ్చం ఇంగ్లీషు పల్లెలాగే విల్లాలు కట్టాడు. పేరు కూడా ఆ అర్థం వచ్చేదే పెట్టాడు. అసలు పెంకుటిళ్ళను పడగొట్టి నకిలీ పెంకుటిళ్ళు కట్టడానికి ఎంత తెలివి కావాలో ఆలోచించండి. నడుమ మళ్ళీ గుండ్రటి పచ్చిక. కొనుక్కున్నవాళ్ళలో చాలామంది మన తెలుగువాళ్ళే, ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్ళు. వాళ్ళూ ఒక కమిటీ పెట్టుకున్నారు. ప్రెసిడెంటు, సెక్రటరీ, నెలకోసారి మీటింగు. సొంతదారుకే ఓటు, అద్దెకున్నవాడికి లేదు. పనిమనుషులు పచ్చిక మీద కూర్చోకూడదని తీర్మానం. దొరలు పోయారు గానీ కమిటీ ఎక్కడికీ పోలేదు.

వాళ్ళ గోడ మాత్రం ఆ చివరి రాయి దాటి మా వైపు వచ్చింది. చెలకంతా గోడ లోపలికి పోయింది. సమాధుల మట్టి చదును చేసి పచ్చిక పరిచారు, అంచున పరుగెత్తడానికి ఎర్ర రబ్బరు బాట వేశారు. మొదట్లో మహాలయ అమావాస్యకు మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు. తర్వాత గేటు దగ్గర ఫోనులో పేరు ఎక్కించే పద్ధతి వచ్చింది. వాచ్‌మన్ ఎవరింటికి అని అడిగాడు. మా బావ దగ్గరికి అన్నాను. విల్లా నంబరు చెప్పమన్నాడు.

పోయినేడాది అక్క మంచం పట్టింది. డాక్టరు నాతో చెప్పాల్సింది చెప్పాడు. నేను ఆ కమిటీ సెక్రటరీ దగ్గరికి పోయాను. గుంటూరు వైపు మనిషి, నా కొడుకు ఈడువాడు. కూర్చోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు. మర్యాదకేమీ లోటు లేదు.

"తాతగారూ, యాక్చువల్‌గా మీరంటే మాకు చాలా రెస్పెక్ట్" అన్నాడు. "మా కిడ్స్‌కి హెరిటేజ్ వాక్‌లో మీచేత ఆ పాత స్టోరీలు చెప్పించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. మీ సిస్టర్ గారి విషయం కమిటీలో పెట్టాను. ఈ ఒక్క కేసుకి ఓకే అన్నారు. తెల్లారకముందే, డప్పులు లేకుండా. అయిపోగానే పైన లాన్ వేసేస్తాం."

"కేసంటావే అప్పా. మా అక్క ఇంకా గంజి తాగతా ఉండాది."

"సారీ తాతగారూ. మీరు జస్ట్ ఒక పేపర్ మీద సైన్ చేయాలి. ఆ ల్యాండ్ మా కమ్యూనిటీదే అని. ఫార్మాలిటీ, అంతే."

కాఫీ సగంలో వదిలేసి లేచాను. ఆ భూమి వాళ్ళది కాదు. ఎక్కడివరకు వాళ్ళదో నా నెత్తికి తెలుసు, వీపుకు తెలుసు. ఆ మాటే చెప్పి వచ్చాను.

అక్కకు చెబితే నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. మంచం మీద నుంచే చూసింది.

"పెట్టేయరా సంతకం. నీ చెయ్యేమన్నా అరుగుతాదా?"

"అది వాళ్ళది కాదక్కా. నన్ను ఏడ కొట్టినారో నాకు తెలీదా?"

"నిన్ను కొట్టిన దొర సచ్చి ఎన్నేండ్లాయె. ఇంకా ఆయప్పకే యెస్ సార్ అంటా ఉండావు."

నేను వినలేదు. వినాల్సిన అవసరం లేదని ఇప్పటికీ అంటాను. తమది కాని భూమిని తమదని రాసిమ్మని అడిగినవాడిది తప్పా, రాసివ్వనన్నవాడిది తప్పా? అర్జీ రాశాను. నా చేత్తో, కన్నడంలో. రెవెన్యూ ఆఫీసులో పటం తీస్తే, సరిగ్గా ఆ మూల మడతలో చిరిగిపోయి ఉంది. ఇంక స్థానిక సాక్షి కావాలన్నారు. సాక్షిని నేనే అన్నాను.

ఆఫీసరు ఒకరోజు ఉదయం సర్వేయరునూ, మూడుకాళ్ళ యంత్రాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. మా ఊరి కుర్రాళ్ళు ఒక పక్క, విల్లాల వాళ్ళు ఫోనులు పైకెత్తి ఒక పక్క. అక్కను ఆటోలో తెచ్చి గేటు బయట ఉంచారు. చూడాలని తనే పట్టుబట్టింది. నేను చర్చి మూల నుంచి నడక మొదలుపెట్టాను. చింతచెట్టు ఉన్నచోట కాఫీ దుకాణం ఉంది. కాలువ ఉన్నచోట కార్లు నిలబడి ఉన్నాయి. అయినా ఫరవాలేదు. తలకిందులుగా వేలాడుతూ చూసిన లోకాన్ని నేను మరిచిపోను. చర్చి గోపురం ఏ రాయి దగ్గర ఎంత వాలి కనిపించేదో నాకు తెలుసు. మొదటి రాళ్ళు రెండు కాంక్రీటు కింద పోయాయి. వాటితో గొడవ లేదు. చివరిదాని దగ్గరికి వచ్చాను. నిలబడ్డాను. మెడ పక్కకు వంచి గోపురం చూశాను. విల్లాల పిల్లలు నవ్వారు. రబ్బరు బాట మధ్యన కర్ర పెట్టి, ఇక్కడ తవ్వండి అన్నాను.

సెక్రటరీ ఆ రబ్బరు ఎంత ఖరీదైనదో ఆఫీసరుకు చెబుతుండగానే గునపం దిగింది. ఖంగుమంది. మట్టి తీస్తే రాయి. దాని మొహం మీద ఇంగ్లీషు అక్షరాలు, కమిటీవి, అరిగిపోయి. ఆఫీసరు వంగి చేత్తో తడిమి, ముసలాయన చెప్పింది నిజమే అన్నాడు కన్నడంలో. చెలకంతా రాయికి ఇవతలే ఉంది. కుర్రాళ్ళు తమటె డప్పు వాయించారు. సెక్రటరీ వచ్చి చేయి కలిపాడు. అంత మర్యాద ఉన్న మనిషిని నేను చూడలేదు.

ఆటో దగ్గరికి పోయి అక్కకు చెప్పాను.

"అయితే నాకింక ఎవురూ అడ్డం పడరు కదా?" అంది.

"ఎవురు పడతారక్కా. ఊరిదే అని తేలిపాయె."

విల్లాల గోడ ఆ వైపు పడగొట్టారు. కొన్ని వారాలు మాకు పండగే. పచ్చిక చెక్కేసి, గుర్తున్నంతవరకు ఎవరి సమాధి మీద వాళ్ళం మట్టి పోశాం. బావ దగ్గర దీపం పెట్టి వచ్చాను. అక్క చోటు కొలిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టి వచ్చాను.

తర్వాత రేకులు వచ్చాయి. చెలక చుట్టూ రేకులు పాతి, గేటు పెట్టి, బోర్డు కట్టారు. చెత్త వేరుచేసే కేంద్రం అని బోర్డు మీద ఉంది. పొక్లెయిన్ దిగింది. నేను పరుగెత్తేసరికి నేను పెట్టిన రాళ్ళతో సహా అంతా చదునైపోయింది.

వార్డు ఆఫీసుకు పోయాను. అక్కడ ఒక ఇంజనీరమ్మ ఉంది, చిన్న వయసు. కాగితాలన్నీ విప్పి ఓపికగా చూపించింది. ఆఫీసరు తన ఉత్తర్వులో ఈ స్థలం సదరు విల్లాల వారిది కాదు, గ్రామ ఉమ్మడి స్థలం అని రాశాడు. గ్రామం ఏది? మాకు పంచాయతీ ఉన్న రోజుల్లో నేనూ ఒక విడత మెంబరును. వీధి దీపం ఎవరింటి ముందు పెట్టాలని తలలు పగలగొట్టుకున్నాం గానీ, ఆ చెలకను రుద్రభూమి అని రికార్డులో ఎక్కించాలని ఏ ప్రెసిడెంటుకూ తోచలేదు. చచ్చినవాళ్ళు ఎక్కడున్నారో అందరికీ తెలిసినప్పుడు కాగితం ఎందుకు అనుకునే ఊరు మాది. తర్వాత నగరం వచ్చి పంచాయతీని మింగింది. ఆఫీసు బోర్డు పీకి వార్డు బోర్డు పెట్టారు. ఊరి ఉమ్మడి భూములన్నీ ఆ రోజే నగరపాలనకు పోయాయి. గోడ లోపల ఉన్నంతకాలం చెలక వాళ్ళ కంట పడలేదు. నేను గోడ పడగొట్టించి కంట పడేశాను.

ఆ ఇంజనీరమ్మ కన్నడంలో అన్న మాట తెలుగులో రాస్తే ఇంతే.

"మీరే కదా తాతా, ఇది ఊరిదని సాక్ష్యం చెప్పింది. ఊరిదంటే మాదే."

రికార్డులో రుద్రభూమి కాని చోట శవాన్ని పూడిస్తే కేసు పెడతారని కూడా చెప్పింది. కరెంటు శ్మశానం ఎక్కడుందో చిరునామా రాసిచ్చింది. ఇంగ్లండులో కూడా పేదవాళ్ళు ఆవులూ బాతులూ మేపుకునే ఉమ్మడి బయళ్ళను పెద్దమనుషులు సభలో కూర్చుని, చట్టం చేసి, కంచె వేసుకున్నారని నేను చదివాను. వాళ్ళు కనీసం ఆ బయలును మీరే చూపించండి అని పేదవాణ్ణి అడగలేదు.

సిగ్గు విడిచి సెక్రటరీ దగ్గరికి మళ్ళీ పోయాను. ఆ పేపరు ఏదో తెండి, పెడతాను అన్నాను. ఆయన బాధపడ్డాడు. నిజంగానే పడ్డాడు, ఆ కంపు ఆయన పడకగదికి కూడా వస్తోంది.

"ఇప్పుడు మా చేతుల్లో ఏముంది తాతగారూ. మీరే ప్రూవ్ చేశారు కదా మాది కాదని."

గోడ మళ్ళీ కట్టుకున్నారు, ముందుకంటే ఎత్తుగా. వాసన రాకుండా వెదురు నాటారు. తవ్వి తీసిన హద్దురాయిని కడిగి, గేటు దగ్గర పూలకుండీల మధ్య నిలబెట్టి, ఇత్తడి పలక వేయించారు. హెరిటేజ్ వాక్ రోజున పిల్లలంతా మెత్తటి స్పాంజి కర్రలతో ఆ రాయిని కొట్టి కేకు తిన్నారట. ఆ ఆచారం గురించి వాళ్ళ పుస్తకంలో ముచ్చటైన వేడుక అని రాశారు. ఒక కాపీ నాకూ పంపారు.

అక్కకు నేను చెప్పలేదు. పక్కింటామె చెప్పింది. అక్క నన్ను పిలిచింది. నా భార్య గంజి గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"మీ బావ మింద చెత్త వేస్తా ఉండారంటనే" అంది అక్క.

మళ్ళీ అర్జీ రాస్తున్నానని చెప్పాను. పై ఆఫీసుకు రాస్తున్నానని, కోర్టుకైనా పోతానని చెప్పాను.

"రాయి. బాగా రాస్తావు నువ్వు." గంజి వద్దని చెయ్యి ఊపింది. "గెలిచినావు కదా. నన్ను నీ గెలుపులోనే పూడ్చుపో."

ఆ తర్వాత నన్ను రా అని పిలవలేదు. పుట్టినప్పటినుంచి ఎత్తుకుని పెంచిన మనిషి, నన్ను సార్ అనడం మొదలుపెట్టింది. సార్ భోంచేసినారా అని నా భార్యను అడిగేది, నేను పక్కనే ఉన్నప్పుడు. మందు నా చేత్తో ఇస్తే, సార్‌కెందుకు శ్రమ అని మొహం తిప్పుకునేది. పోయేదాకా అదే వరస. దాని నోట్లో జాలి లేదని చెప్పాను కదా.

వానల్లో పోయింది. పక్క ఊళ్ళ రుద్రభూముల్లో అడిగాం. ఒకచోట మా ఊరివాళ్ళకే నిండిపోయిందన్నారు, ఒకచోట మీ కులంవాళ్ళది కాదన్నారు. శవం ఎంతసేపు ఆగుతుంది? కరెంటు శ్మశానానికే తీసుకుపోయాం. టోకెన్ ఇచ్చారు. మా వంతు వచ్చేదాకా షెడ్డులో నేల మీద పెట్టుకుని కూర్చున్నాం. అక్కడి మనిషి కాలి మెట్టెలు తీసేయమన్నాడు, లోపల కరిగి అంటుకుంటాయట. వేళ్ళు బిగిసిపోయి రాలేదు. వాడికి అలవాటే, కటింగ్ ప్లేయరు తెచ్చాడు. తర్వాత ఇనప తలుపు పైకి పోయింది, అక్క లోపలికి పోయింది, తలుపు దిగింది.

చిన్న మట్టికుండలో బూడిద ఇచ్చారు. పూడ్చేవాళ్ళకు ఆ బూడిదను ఏం చేయాలో ఎవరు చెప్పాలి? నదిలో కలుపుతారని కొందరన్నారు. మాకు ఏ నదీ చుట్టం కాదు. కుండను ఇంట్లోకి తేకూడదని నా భార్య అంటే బయట గూట్లో పెట్టాం.

మూడోనాడు మాలో సమాధి తల దగ్గర పాలు పోస్తాం. పాలచెంబు ఒక చేతిలో, కుండ ఒక చేతిలో పట్టుకుని రేకుల గేటు దగ్గరికి పోయాను. అక్కడి కాపలావాడు ఉత్తరాదివాడు. వచ్చీరాని కన్నడంలో, చెత్త తెచ్చినవాళ్ళకే లోపలికి పోవడం అన్నాడు. నా చేతిలో కుండ చూశాడు. తడిదా, పొడిదా అని అడిగాడు.

పొడిది అన్నాను.

అయితే లోపలికి పో, ఎడమ వైపు అన్నాడు.

లోపల అట్టపెట్టెల మోపులూ, ప్లాస్టిక్ సీసాల మోపులూ మనిషెత్తున పేర్చి ఉన్నాయి. మునివేళ్ళ మీద నిలబడి చర్చి గోపురం వెతుక్కున్నాను. వెదుళ్ళ పైన కొంచెం కనిపించింది. బావ ఎక్కడో చూసుకున్నాను. ఆయన ఎడమ పక్కన, రెండు మోపుల సందులో చేయి దూర్చి, కుండ బోర్లించాను. దాని మీద పాలు పోశాను. కొంత నేలకు చేరింది. కొంత అట్టపెట్టెల మీద పడి చారలు కట్టింది.

కాపలావాడు చూసి పరుగెత్తుకొచ్చాడు. పొడి చెత్తను తడి చేస్తే లారీవాడు తీసుకోడట, తన కూలి కోస్తారట. నా చేతిలో చెంబు లాక్కుని, నోటికొచ్చిన బూతులు తిడుతూ నన్ను గేటుదాకా నెట్టుకొచ్చాడు.